బెల్లానికి వియోగ సహన ధ్రువపత్రం

మా మున్సిపల్ ఆఫీసులో కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉండదు. మనిషి ఉండకపోవచ్చు. కుర్చీ వీపుకి ఒక స్వెట్టరో, కండువానో, కనీసం టిఫిన్ సంచో వేలాడుతూ ఉంటుంది. పని మీద వచ్చినవాళ్ళు దాన్ని చూసి "ఇక్కడే ఉన్నారు, టీకి వెళ్ళినట్టున్నారు" అనుకుని బల్ల మీద సర్దుకుని కూర్చుంటారు. నా స్వెట్టరు ఆకుపచ్చది. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో అది నాకంటే ఎక్కువ గంటలు డ్యూటీ చేసింది. మే నెలలో కూడా దానికి సెలవు లేదు.

ఇది కుక్క కథ. అయినా స్వెట్టరు సంగతి ముందు చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే ఆ కుక్క వచ్చేదాకా దాని గురించి మమ్మల్ని అడిగినవాళ్ళు లేరు.

అంతా ఒక అర్జీతో మొదలైంది. పాత గానుగ వీధిలో ఉండే రిటైర్డు లెక్కల మాస్టారు బెహరా గారు రాశారు. పక్కింటి నరసమ్మ రోజూ ఉదయం ఎనిమిదింటికి బడికి వంట చేయడానికి వెళ్తుంది, మధ్యాహ్నం మూడింటికి తిరిగొస్తుంది, ఈ ఏడు గంటలూ ఆమె కుక్క ఏడుస్తుంది. "మొరగడం కాదు, ఏడవడం" అని రాసి కింద గీత గీశారు. ఏ రోజు ఎన్నిసార్లు, ఎంతసేపు ఏడ్చిందో పట్టిక జతచేశారు. చివర సగటు కట్టారు.

మామూలు రోజుల్లో అయితే ఆ అర్జీకి ఒక నంబరు వేసి, తగిన గౌరవంతో బీరువాలో పెట్టేవాణ్ణి. ఏడాదికో రెండేళ్ళకో కుక్కైనా ఊరుకునేది, మాస్టారైనా ఊరుకునేవారు. కానీ ఆ వారమే మా కమిషనరు గారు "పట్టణ ప్రశాంతతలో పెంపుడు జంతువుల పాత్ర" అనే విషయం మీద ఆరు రోజుల శిక్షణ ముగించుకుని, ఒక సంచీ, ఒక పెన్నూ, బోలెడంత ఉత్సాహమూ వెంటబెట్టుకుని వచ్చారు. సంచీ, పెన్నూ మూడు రోజుల్లో పాడైపోయాయి. ఉత్సాహం మిగిలింది.

కమిషనరు గారి గురించి ఒక మాట. భార్యాబిడ్డలు చదువుల కోసం పెద్ద ఊళ్ళో ఉంటారు. ఈయన ఒక్కరే క్వార్టర్సులో ఉంటారు. పదింటికి కుర్చీలో కూర్చుంటే సాయంత్రం ఏడు దాకా లేవరు. స్వెట్టరు అవసరం లేని కుర్చీ మా ఆఫీసులో అదొక్కటే. అందుకే ఆయనంటే మాకు కొంచెం భయం, కొంచెం జాలి.

"సింహాద్రి గారూ, ఇది అర్జీ కాదు, అవకాశం," అన్నారు ఆయన, అర్జీ రెండుసార్లు చదివి. "ఆ కుక్కది అల్లరి కాదు. వియోగ వేదన. దీనిపై మన పురపాలక సంఘం సమగ్రమైన, శాస్త్రీయమైన, కాలపరిమితితో కూడిన చర్య చేపట్టాలి."

ఆయన మంచినీళ్ళు అడిగినా ముందు మూడు విశేషణాలు వస్తాయి.

పశువుల డాక్టరు హైమవతి గారిని పిలిపించాం. ఎక్కడో గేదెను చూసి నేరుగా వచ్చినట్టున్నారు, చేతులు తుడుచుకుంటూనే మాట్లాడారు. "కుక్క గుంపులో బతికే జీవమండీ. ఒంటరిగా ఉండటం దానికి పుట్టుకతో రాదు, నేర్పాలి. మనం చెప్పులేసుకుంటే చాలు, తాళంచెవి చప్పుడైతే చాలు, దానికి గుండెదడ పట్టుకుంటుంది. పొగరుతో చేసే పని కాదు. కొడితే ఇంకా ఎక్కువవుతుంది."

ఏం చెయ్యాలో మందుల చీటీ వెనకాల రాసిచ్చారు. బయటికి వెళ్ళేముందు కుక్కని బాగా తిప్పి అలసిపోయేలా చెయ్యాలి. ఊరికే చెప్పులేసుకుని, తాళం తీసుకుని, ఎక్కడికీ వెళ్ళకుండా కూర్చోవాలి. అలా నాలుగు రోజులు చేస్తే చెప్పులంటే భయం పోతుంది. తర్వాత గడప దాటి ఒక నిమిషంలో వచ్చెయ్యాలి, మర్నాడు మూడు నిమిషాలు, అలా కొంచెం కొంచెంగా పెంచాలి. వెళ్తూ బతిమాలకూడదు, వచ్చాక ముద్దు చెయ్యకూడదు. కట్టి విప్పిన చీర ఉతక్కుండా దాని పక్కన పడెయ్యాలి. కొబ్బరిచిప్పలో అన్నం అదిమి పెడితే గీక్కుంటూ గంట గడుపుతుంది. అన్నిటికంటే కింద, చిన్న అక్షరాల్లో, "వీలైతే పక్కింటివాళ్ళ దగ్గర ఉంచండి, సగం జబ్బు అక్కడే పోతుంది" అని రాశారు.

"అంతేనా?" అన్నారు కమిషనరు గారు, కొంచెం నిరాశగా.

"అంతేనండీ. ఓపిక పట్టాలి. మరీ తగ్గకపోతే మందులున్నాయి, అప్పుడు చూద్దాం," అని డాక్టరు గారు ఇంకో గేదె దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆ చీటీ రెండు వారాల్లో ముప్పై ఎనిమిది పేజీల నియమావళి అయింది. పక్కింటివాళ్ళ లైను ఒక్కటే అందులోకి ఎక్కలేదు. "పక్కిల్లు ఏ శాఖ కిందికీ రాదు కదా," అన్నారు కమిషనరు గారు. మిగతావన్నీ ఎక్కి కాస్త ఒళ్ళు చేశాయి. గడప దాటడం నిష్క్రమణ అయింది. తిరిగి రావడం పునఃప్రవేశం అయింది. కొబ్బరిచిప్ప పేరు ఏకాంతకాల వ్యాపక సాధనం.

తొమ్మిదో నిబంధన మాత్రం ఆయన స్వహస్తాలతో రాశారు. "ఎవరి నిష్క్రమణ సమయమున శునకము అత్యధికముగా విలపించునో, వారే సదరు శునకమునకు యజమానిగా పరిగణింపబడుదురు." వీధి కుక్కకి దస్తావేజులుండవు కాబట్టి యాజమాన్యానికి రుజువు కుక్క నోటి నుంచే రావాలని ఆయన వాదన. మేమందరం తలలూపాం. మా ఆఫీసులో తలూపడమంటే వినలేదని అర్థం.

పన్నెండో నిబంధన ప్రకారం ఏడ్చే ప్రతి కుక్కా అరవై రోజుల్లో వియోగ సహన ధ్రువపత్రం పొందాలి. అంటే ఏడు గంటలు ఏకధాటిగా ఏడవకుండా ఉన్నట్టు రుజువు కావాలి. పొందలేని కుక్కని చెత్త డిపో వెనకాల ఉన్న శునక సంరక్షణ కేంద్రానికి తరలిస్తారు. కేంద్రానికి అప్పటికి ప్రహరీగోడ, బోర్డు ఉన్నాయి. కప్పు రావాల్సి ఉంది.

నోటీసు పట్టుకుని నేనే వెళ్ళాను. నరసమ్మకి నలభై రెండేళ్ళుంటాయి. భర్త పోయి ఆరేళ్ళు, పిల్లలు లేరు. ఒక గది, ముందు చిన్న వసారా. అప్పుడే బడి నుంచి వచ్చినట్టుంది, చీరకి పోపు వాసన కొడుతోంది. బెల్లం రంగు ఊరకుక్క ఒకటి ఆమె కాళ్ళ చుట్టూ తిరుగుతోంది. ఒక చెవి నిలబడి ఉంది, రెండోది వాలిపోయి ఉంది. పేరు కూడా బెల్లమే.

నోటీసు చదివి వినిపించాను. అరవై రోజులు, ధ్రువపత్రం, కేంద్రం.

"కేంద్రమంటే ఏటి బాబూ, ఆస్పత్రా?"

"కాదమ్మా. గోడ."

ఆమె కుక్క వైపు చూసింది. నేను గొంతు సవరించుకున్నాను. "కంగారు పడకు. రోజుకి ముప్పైసార్లు నువ్వు గడప దాటి మళ్ళీ లోపలికి రావాలి. అంతే. అదే అలవాటు పడిపోతుంది."

"అదెంత పని బాబూ. మూడింటికొచ్చేత్తాను కదా, సాయంత్రం దాకా దాటతాను."

"సాయంత్రం కుదరదు. ప్రతి నిష్క్రమణా పనివేళల్లో ప్రభుత్వోద్యోగి ఎదుట జరగాలి. రిజిస్టర్లో సంతకం పడాలి. మూడున్నర దాటితే మా ఆఫీసులో సంతకం పెట్టే మనిషి దొరకడు."

"మరి పొద్దున్న నాకెలాగవుతాది? నూట నలభై మంది పిల్లలకి వొండాల. సెలవెడితే ఇంకో మనిసిని ఎట్టీసుకుంటారు." నోటీసు మడతపెట్టింది. "అయినా అది ఏడిస్తే తప్పేటి బాబూ? నాను బయటికెల్తే ఏడిసేవోల్లు నాకింకెవులున్నారు?"

జవాబు కోసం నియమావళి తిరగేశాను, అందులో లేదు. ఆ మాట నన్ను ఇంటిదాకా వదల్లేదు. నేను గడప దాటితే మా ఇంట్లో ఏం జరుగుతుందని ఆలోచించాను. టీవీ సౌండు పెరుగుతుంది.

ఆమె ఇబ్బంది కమిషనరు గారికి విన్నవించాను. ఆయన ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తెరిచారు. "ఆవిడ రాలేకపోతే ఏం? కోర్టులో మన తరఫున వకీలు మాట్లాడటం లేదా? పూజలో మన తరఫున పురోహితుడు మంత్రాలు చదవడం లేదా? అలాగే మన ప్రతినిధి ఆవిడ తరఫున నిష్క్రమిస్తాడు."

సాయంత్రానికల్లా ఉత్తర్వు చేతికొచ్చింది. "సీనియర్ అసిస్టెంటు శ్రీ సింహాద్రి ప్రతి పనిదినమున సదరు నరసమ్మ నివాసమునకు హాజరై, ఆమె తరఫున నిష్క్రమించవలసినదిగా ఆదేశించడమైనది."

"సార్, నేను వెళ్ళిపోతే ఆ కుక్కకి ఏడుపెందుకొస్తుందండీ? దానికి నేనెవర్ని?"

"అందుకే మొదటి వారం సాన్నిహిత్యం, రెండో వారం నుంచి నిష్క్రమణ. పేజీ ఇరవై రెండు చూడండి."

ఇలా నా స్వెట్టరు ఆఫీసులో నా ఉద్యోగం చేస్తుండగా నేను గానుగ వీధిలో నరసమ్మ బదులు ఉద్యోగం మొదలుపెట్టాను. మొదటి రోజు బెల్లం నన్ను చూసి మొరిగింది. మూడో రోజు నా ప్యాంటు వాసన చూసింది. ఐదో రోజు నా డబ్బాలోంచి రెండు ఇడ్లీలు తింది. వారం తిరిగేసరికి ఉత్తర్వులో కోరిన సాన్నిహిత్యం ఏర్పడింది.

ఆ పైన నిష్క్రమణలు. చెప్పులేసుకుంటాను, గడప దాటుతాను, వేపచెట్టు దాకా నడుస్తాను, తిరిగొస్తాను, రిజిస్టర్లో రాస్తాను. "10.14కి నిష్క్రమణ. 10.15కి పునఃప్రవేశం. విలాపం స్వల్పం." వీధిలో వాళ్ళు పనులు మానుకుని అరుగుల మీద చేరేవారు. "ఏటి బాబూ, ఏదైనా మర్సిపోనారా?" అని ఒక ముసలమ్మ రోజూ ముప్పైసార్లు అడిగేది. బెహరా మాస్టారు కిటికీలోంచి నా లెక్క సరిచూసేవారు. "పంతొమ్మిదే అయ్యాయి. ఇరవై అని రాసినట్టున్నారు."

నిజం చెప్పాలి. నాకు బాగుంది. పద్దెనిమిదేళ్ళుగా నేను తలుపు తీసుకుని లోపలికి వస్తుంటే మొహం చాటేసినవాళ్ళనే చూశాను. ఇక్కడ ఒక ప్రాణి, ఒకే రోజులో ముప్పైసార్లు, నేను వచ్చానని ఒళ్ళంతా ఊపేది. ముద్దు చెయ్యకూడదని పేజీ ఇరవై నాలుగులో ఉంది. రిజిస్టర్లో రాయకుండా అప్పుడప్పుడు చేశాను.

ముప్పై అయిదో రోజుకి నరసమ్మ బడికి వెళ్తుంటే బెల్లం కూత పెట్టడం మానేసింది. ఎందుకు పెడుతుంది? ఆమె ఇలా వీధి మలుపు తిరగగానే అలా నేను దిగుతున్నాను కదా. కమిషనరు గారు దీన్ని విజయగాథగా రాయించి, ఫొటో తీయించి పైకి పంపారు. ఫొటోలో నేనున్నాను, బెల్లం ఉంది, రిజిస్టరు ఉంది. నరసమ్మ బడిలో ఉంది.

నలభయ్యో రోజున బెహరా మాస్టారి రెండో అర్జీ వచ్చింది. కుక్క ఇప్పుడు మూడు దాటాక ఏడుస్తోంది. నరసమ్మ ఇంట్లో ఉన్నా ఏడుస్తోంది. సింహాద్రి గారు వెళ్ళిపోయారని ఏడుస్తోంది. పట్టిక జతచేశారు.

కమిషనరు గారు పట్టిక చూసి, తొమ్మిదో నిబంధన తెరిచి, వేలు పెట్టి చదివారు. "సార్, అది నా కుక్క కాదండీ."

"మీ కుక్క అని నేననలేదు. అక్కడికి మీరు సొంతంగా వెళ్ళారా? విధి నిర్వహణలో వెళ్ళారు. మీ నిష్క్రమణ సంస్థ నిష్క్రమణ. కాబట్టి కుక్క సంస్థది."

బెల్లం స్టాకు రిజిస్టర్లోకి ఎక్కింది. పైన ఇనప బీరువా, కింద నీళ్ళ డ్రమ్ము, మధ్యలో "కుక్క, బెల్లం రంగు, ఒకటి". సంస్థ ఆస్తి ప్రైవేటు ఇంట్లో ఉండకూడదు కాబట్టి స్వాధీనం చేసుకోవాలి. మిగిలిన ఇరవై రోజుల్లో ధ్రువపత్రం వస్తే అర్హులకి కేటాయిస్తారు. రాకపోతే గోడ.

స్వాధీనానికి నేను వెళ్ళలేనన్నాను. ఒంట్లో బాగాలేదని రాసిచ్చాను, అది అబద్ధం కూడా కాదు. కబురు తెలిసి, మర్నాడు మధ్యాహ్నం నరసమ్మే తీసుకొచ్చింది. ఒక చేతిలో తాడు, రెండో చేతిలో కుక్క తినే సత్తు పళ్ళెం, ఒక కొబ్బరిచిప్ప, మడతపెట్టిన పాత చీర.

"పిచ్చిదాన్ని బాబూ," అంది నాతో. "అది తమరికి మాలిమవుతుంటే సంతోసించాను. దీనికింకో మనిసి దొరికినాడనుకున్నాను."

తాడు నా చేతిలో పెట్టి, డాక్టరు గారు చెప్పినట్టే, బతిమాలకుండా, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. గేటు అవతల ఆమె చాలాసేపు నిలబడిందని నాకు తెలుసు. బెల్లం అటే చూస్తూ అంతసేపూ తోక ఊపుతూనే ఉంది. నాకు చాలా సిగ్గేసింది. ఆమె ఇంట్లో ఉన్న ఒకే ఒక ప్రాణిని నేను ఇడ్లీలు పెట్టి, సంతకాలు పెట్టి, ఊడలాక్కొచ్చాను.

బెల్లాన్ని హాల్లో స్తంభానికి కట్టాం. మర్నాడు పదకొండింటికి జనన మరణాల సెక్షన్ గుమస్తా కుర్చీకి కండువా తగిలించి, టీకని లేచాడు. బెల్లం మెడ పైకెత్తి ఏడుపు అందుకుంది. హాలంతా అతని వైపు తిరిగింది. అతను కూర్చున్నాడు. బెల్లం ఊరుకుంది. అతను మెల్లగా మళ్ళీ లేచాడు. మళ్ళీ ఏడుపు. పాపం, ఆ రోజు అతను సాయంత్రం దాకా కూర్చుని పద్నాలుగు ధ్రువపత్రాలు రాసిచ్చాడు. అతని సర్వీసులో అదే మొదటిసారట.

మనుషులు రోజంతా వెళ్ళిపోతూ ఉండే ఇల్లు బెల్లం అంతకుముందు చూడలేదు. దానికి అంతకంటే నరకం లేదు. అర్జీదార్లకి అంతకంటే స్వర్గం లేదు. ఇన్నాళ్ళూ స్వెట్టర్లని నమ్మినవాళ్ళు ఇప్పుడు కుక్కని నమ్మడం మొదలుపెట్టారు. ఏడుపు వినపడగానే నలుగురు పోయి మెట్ల దగ్గర నిలబడేవారు. "ఎక్కడికండీ బాబూ? అది బెంగెట్టుకుంటాంది, కూకోండి." ఆరేళ్ళుగా కదలని ఇంటిపన్ను పేరు మార్పు ఫైళ్ళు వారంలో కదిలాయి. కదిలించడం తప్ప కుర్చీలో కూర్చుని ఇంకేం చెయ్యాలో మాకు తోచలేదు.

ఉద్యోగుల సంఘం అధ్యక్షుడు గవర్రాజు గారు ప్రతినిధి వర్గంతో కమిషనరు గారి గదిలోకి వెళ్ళారు. "ఇది నిఘా అండీ. ఉద్యోగి తన స్థానంలో ఉండటమా, ఉండకపోవడమా అన్నది అతని అంతరాత్మకు సంబంధించిన సున్నితమైన విషయం. దాన్ని ఒక శునకం బహిరంగంగా ప్రశ్నించడాన్ని మా సంఘం తీవ్రంగా ఖండిస్తోంది."

"నియమావళి ప్రకారం ఏడవడం దాని రోగం. ప్రశ్నించడం కాదు," అన్నారు కమిషనరు గారు.

గవర్రాజు గారు నిరసనగా లేచి బయటికి నడిచారు. బెల్లం ఆయన కోసం కూడా ఏడ్చింది. ఆయన ఆ సాయంత్రమే పైవాళ్ళని కలవడానికి బయల్దేరారు.

మూడో రోజుకి బెల్లం తాడు కొరికేసి, ఆఫీసంతా వాసన చూసుకుంటూ తిరిగి, చివరికి కమిషనరు గారి బల్ల కింద పడుకుంది. ఆఫీసు మొత్తం మీద లేవని మనిషి ఆయనొక్కరే అని దానికి తెలిసిపోయింది. మధ్యాహ్నం ఆయన క్యారియరు తెరిచి, ఎవరూ చూడటం లేదనుకుని సగం పెరుగన్నం సత్తు పళ్ళెంలోకి వంచడం నేను చూశాను. సాయంత్రం ఏడింటికి ఆయన దాన్ని తన వెంట క్వార్టర్సుకి తీసుకెళ్ళేవారు. సంస్థ ఆస్తి బయటికి వెళ్తోంది కాబట్టి రోజూ గేట్ పాస్ రాసి, తనకి తానే మంజూరు చేసుకునేవారు. ఒకరోజు ఫోన్లో భార్యతో "ఒక్కణ్ణే లేనులే, ఇక్కడ ఒకరున్నారు" అనడం నా చెవిన పడింది. అప్పుడు ఆయన గొంతులో విశేషణాలు లేవు.

నరసమ్మ రోజూ మూడున్నరకి వచ్చేది. బెల్లం పరుగెత్తుకొచ్చి ఆమె చుట్టూ తిరిగేది. అర్జీదార్ల బల్ల మీద కూర్చుని దాని తల ఒళ్ళో పెట్టుకుని నాలుగింటి దాకా ఉండి వెళ్ళేది. ఆమె వెళ్తే బెల్లం ఏడ్చేది. ఎవరు వెళ్ళినా ఏడ్చేదే. ఏడు గంటల ధ్రువపత్రం కాదు కదా, ఏడు నిమిషాలది కూడా వచ్చే దారి కనపడలేదు.

యాభై ఎనిమిదో రోజున కమిషనరు గారికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. ప్రజాప్రయోజనార్థం ఆయన్ని ఎక్కడో కొండల మధ్య చిన్న ఊరికి వేశారు. గవర్రాజు గారు మిఠాయిలు తెప్పించి, అవి వీడ్కోలు కోసమని చెప్పారు. ఇన్‌చార్జిగా కూర్చోబోయే మేనేజరు గారు మొదటి పనిగా కేంద్రానికి కుక్కని తీసుకెళ్ళే బండి చెప్పేశారు. అరవయ్యో రోజు దాకా ఆగే ఓపిక కూడా ఆయనకి లేదు.

నేను పరుగున ఒక ఫైలు తయారుచేసి కమిషనరు గారి ముందు పెట్టాను. బెల్లాన్ని నరసమ్మకి తిరిగి ఇవ్వవచ్చునా అని.

ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. "ధ్రువపత్రం లేదు కదా సింహాద్రి గారూ."

"ఆ నిబంధన పెట్టింది మీరే కదండీ."

"అందుకే," అన్నారు. బల్ల కిందికి చూడకుండా ఫైలు మూసి నాకిచ్చేశారు.

మూడింటికి ఛార్జి కాగితం మీద సంతకం పెట్టారు. వీడ్కోలు సభ జరిగింది. ఇంతటి నిబద్ధత గల అధికారి మళ్ళీ రారని గవర్రాజు గారు ప్రసంగించారు. ఆయన గొంతులో ఆశ వినిపించింది. దండలు వేశారు, ఫొటోలు తీశారు. నరసమ్మ కుక్క కోసం వచ్చి మెట్ల పక్కన నిలబడింది. బెహరా మాస్టారు తన రెండు అర్జీలూ ఏమయ్యాయో కనుక్కుందామని పట్టికల పుస్తకంతో వచ్చారు. గేటు బయట కేంద్రం బండి ఆగి ఉంది. కమిషనరు గారు అందరికీ నమస్కారం పెట్టి జీపెక్కారు. మా స్టాఫులో ఒక్క కన్ను తడవలేదు.

జీపు కదిలింది. అప్పుడు బెల్లం ఏడ్చింది. అంతకుముందు విన్నవన్నీ దీని ముందు దగ్గులు. బండి కోసమని మెట్ల పక్క స్తంభానికి కొత్త తాడుతో కట్టి ఉన్నదల్లా వెనక కాళ్ళ మీద లేచి, గొంతు పగిలేలా ఏడ్చింది. జీపు గేటు దగ్గర ఆగింది. కమిషనరు గారు దండ మెడలోనే ఉండగా దిగి వచ్చారు.

నాకు ఆ క్షణంలో బుర్రలో ఏదో వెలిగింది. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో నేను నిజంగా పనికొచ్చింది ఆ ఒక్క నిమిషమే.

"సార్, తొమ్మిదో నిబంధన," అన్నాను.

ఆయన ఆగి నన్ను చూశారు. "అత్యధికముగా," అన్నారు మెల్లగా.

"అవునండీ. మాస్టారి దగ్గర పట్టిక ఉంది."

బెహరా మాస్టారు పుస్తకం తెరిచి కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "నరసమ్మకి ఎక్కువలో ఎక్కువ నాలుగు నిమిషాలు. సింహాద్రి గారికి ఆరు. ఇది తొమ్మిది నిమిషాలు." నిజానికి బెల్లం అప్పటికి ఏడ్చింది ఒకటిన్నర నిమిషమే. ముప్పై అయిదేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి తెలిసి తెలిసి తప్పు లెక్క చెప్పి, కింద సంతకం కూడా పెట్టారు.

"అయితే కుక్క సంస్థదే," అన్నారు మేనేజరు గారు. "కమిషనరు గారి నిష్క్రమణ అంటే సంస్థ నిష్క్రమణే కదా."

"ఛార్జి ఇచ్చేసి గంట దాటిందండీ," అన్నాను. "ఇప్పుడు ఈయన సంస్థ కాదు. మనిషి. కుక్క ఈయనది. ఈయన ఎవరికైనా ఇచ్చుకోవచ్చు, తీసుకెళ్ళిపోనూవచ్చు."

ఆ చివరి మాట అన్నాక నాలుక కరుచుకున్నాను. జీపులో వెనక సీటు ఖాళీగా ఉంది. కమిషనరు గారు దాని వైపు చూశారు. నరసమ్మ కూడా చూసింది. బెల్లం ఇద్దరినీ చూస్తూ, ఎటు వెళ్ళాలో తెలియక తాడు పొడుగునా అటూ ఇటూ తిరుగుతోంది.

"తమరు తీసుకెల్తానంటే నానేటనగలను బాబూ," అంది నరసమ్మ. "దానికి తమరంటే పేణం. గోడ కాడికి మాత్రం పంపకండి, సాలు."

ఆయన నా జేబులోంచి పెన్ను తీసుకుని, జీపు బానెట్ మీద కాగితం పెట్టి రాశారు. "నా కుక్క బెల్లాన్ని నరసమ్మ గారికి ఇస్తున్నాను. ఆవిడ బాగా చూసుకుంటారు." అంతే. నేను చూసిన ఆయన రాతల్లో అంత చిన్నది ఇంకోటి లేదు. కుక్క ఎలాగైనా ఆఫీసు వదిలితే చాలన్నట్టు గవర్రాజు గారు సాక్షి సంతకానికి అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చారు. కేంద్రం బండి ఖాళీగా వెళ్ళిపోయింది.

"మరి ఎనిమిది నుంచి మూడు దాకా?" అని అడిగారు కమిషనరు గారు, కాగితం ఇంకా వదలకుండా.

"నా అరుగుంది," అన్నారు బెహరా మాస్టారు. "ఇన్నాళ్ళూ దాన్ని వింటూ కూర్చున్నాను. ఇకనుంచి చూస్తూ కూర్చుంటాను. ఈ రెండున్నర వారాలూ వీధి మరీ నిశ్శబ్దంగా ఉంది, అర్జీ పెడదామంటే ఎవరి మీద పెట్టాలో తెలియలేదు."

డాక్టరు గారి చీటీలో చిన్న అక్షరాల లైను అదే. ఏ శాఖ కిందికీ రాదని మేము కొట్టేసింది.

కమిషనరు గారు కాగితం నరసమ్మ చేతిలో పెట్టి జీపెక్కారు. బెల్లం మళ్ళీ ఏడుపు అందుకుంది. జీపు గేటు దాటింది, ఒక నిమిషం తర్వాత వెనక్కి వచ్చింది. ఆయన దిగి, కుక్క వైపు చూడకుండా, పలకరించకుండా, తన నియమావళి ప్రకారం కాసేపు నిలబడి మళ్ళీ ఎక్కారు. రెండోసారి మూడు నిమిషాలకి వచ్చారు. బెల్లం మూలిగింది, అంతే. మూడోసారి ఆయన దిగితే తోక మాత్రం ఊపింది. డ్రైవరు మొహంలో ఏ భావమూ లేదు, బాగా సర్వీసున్నవాడు.

నాలుగోసారి వచ్చి వెళ్ళేసరికి నరసమ్మ మెట్ల మీద కూర్చుని కొబ్బరిచిప్పలో ఇంత అన్నం అదిమి పెట్టింది. బెల్లం ఆమె కాలికి ఆనుకుని దాన్ని గీక్కుంటోంది. జీపు చప్పుడుకి ఒక చెవి కదిలింది, తల ఎత్తలేదు. మాస్టారు పుస్తకంలో సున్నా వేశారు. "నయమైపోయింది," అన్నారు.

ఇక ఎవరి కుర్చీల్లోకి వాళ్ళు వెళ్దామని మేము మెట్లెక్కుతుండగా గేటు దగ్గర హారన్ వినపడింది. ఐదోసారి కూడా జీపు వెనక్కి వచ్చింది.